ఆవిష్కరణకు ముందు చూడరాదు

చింతలరేవు బీచిలో నాలుగు వేల మంది సముద్రానికి వీపు పెట్టి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చున్నారంటే మీరు నమ్మరు. నేను నమ్ముతాను. ఎందుకంటే వాళ్లలో ఆరు వందల మందిని అలా కూర్చోబెట్టింది నేనే.

నా పేరు పోలినాయుడు. జిల్లా కేంద్రంలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటును. ఏ కార్యాలయమో చెప్పను. చెప్పినా పెద్ద తేడా ఉండదు, ఉత్సవం అనగానే అన్ని కార్యాలయాల వాళ్లనూ ఒకే బస్సులో ఎక్కించి తోలేస్తారు. ఆ ఆదివారం సైకత శిల్పాల ప్రదర్శన. సైకత శిల్పం అంటే ఇసుకతో చేసిన బొమ్మ. ఇసుక బొమ్మ అంటే ముఖ్య అతిథులు రారు కనుక సైకత శిల్పం అన్నారు.

నాతో పాటు మా మేనత్త సన్యాసమ్మను కూడా తీసుకెళ్లాను. అత్తది సాలూరు అవతల కొండ కింద ఊరు. వయసు డెబ్భై ఏడు. ఆ ముందురోజు కళ్లు చూపించడానికి నా దగ్గరికి వచ్చింది. డాక్టరు గారు ఏవేవో చుక్కలు వేసి, పొడుగాటి గొట్టంలోంచి చూసి, నన్ను పక్కకు పిలిచారు.

"రెండు కళ్లలోనూ నీటికాసులు ముదిరిపోయాయి. వచ్చే ఎండాకాలం దాకా చూపు నిలుస్తుందని చెప్పలేను. చూడాలనుకున్నది ఏదైనా ఉంటే చూపించెయ్యండి."

అత్త చెవులకు ఏ కాసులూ లేవు. బయటికి రాగానే అడిగేసింది.

"ఒరే పోలీ, నాకు సంద్రం సూపించీరా. నాను పుట్టి బుద్దెరిగినాక సూణ్ణేదు. మరేటీ అడగను."

అప్పటికే సందె పడింది. సందె పడితే అత్తకు మనిషికీ గోడకీ తేడా తెలియదు. సోమవారం తెల్లవారగానే ఆమె తిరుగు బస్సు ఎక్కాలి. మిగిలింది ఆదివారం పగలు. ఆదివారం నాకు బీచిలోనే డ్యూటీ. ఇంకేం, పనీ పుణ్యమూ రెండూ కలిసి వచ్చాయనుకున్నాను. మనం ఏదైనా అనుకునేది సర్క్యులర్ చదవక ముందే.

సర్క్యులర్ బస్సులో ఇచ్చారు. దాని వెనక ఒక చరిత్ర ఉంది. అంతకు ముందు ఏడాది మరెక్కడో ఒక విగ్రహం తెర తీయక ముందే దాని ఫోటో పేపర్లో పడింది. "ఊరంతా చూసేసిన దానికి నేను తెర తీయడం ఏమిటయ్యా?" అని ముఖ్య అతిథి కారు దిగకుండానే వెళ్లిపోయారట. అక్కడి అధికారిని ఆ మర్నాడే, పేపరు మూడు రోజులకు గానీ చేరని చోటికి బదిలీ చేశారు. అప్పటి నుంచి ఆ ఊరి పేరు చెబితే అధికారులందరూ మాట మార్చేవారు. ఈసారి ముఖ్య అతిథి కూడా ఆ కారు దిగని ఆయనే. అందుకని మా ఉత్సవ ప్రత్యేకాధికారి వేదాచలం గారు ముందు జాగ్రత్తగా ఇలా రాశారు:

"ఆవిష్కరణకు పూర్వము సదరు శిల్పములను ఏ వ్యక్తియు, ఏ హోదాలోనైనను, ఏ కోణము నుండియైనను చూడరాదు."

ఇందులో తప్పు పట్టడానికి ఏముంది? పెళ్లిలో తెరసెల్లా తీసేదాకా అబ్బాయి అమ్మాయిని చూడడు కదా. నాకూ సబబుగానే తోచింది. నా చొక్కాకు ఒక బిళ్ల తగిలించారు. దాని మీద "దృష్టి పర్యవేక్షకుడు, సి బ్లాకు" అని ఉంది.

బీచి రోడ్డు పొడవునా ముఖ్య అతిథి గారి ఫ్లెక్సీలు కట్టారు, ఒకదానికొకటి ఆనుకుని, తాటిచెట్టంత ఎత్తున. వాటి వెనక సముద్రం ఉందని శబ్దాన్ని బట్టి తెలుస్తోంది.

"ఈ బాబెవుల్రా, ఇన్నిసార్లు నవ్వుతున్నాడు?" అంది అత్త.

"గొప్పవారు అత్తా. ఆయన వచ్చి తెర తీస్తారు. అప్పుడు అన్నీ చూద్దువు గాని."

పదహారు బొమ్మలనూ నీళ్లకు ఇరవై గజాల దూరంలో చేయించారు. వెనకాల సముద్రం లేకపోతే ఫోటో పండదని వేదాచలం గారి అభిప్రాయం. పోటు సంగతేమిటని అడిగిన వాళ్లకు, "ఆటుపోట్లు ఓడరేవుల శాఖ పరిధిలోనివి. అందులో జోక్యం చేసుకోవడం మనకు సంస్కారం కాదు" అని చెప్పారట. బొమ్మల మీద పసుపు శాటిన్ గుడ్డలు కప్పించారు. అంతా బాగానే ఉంది గానీ, ఎనిమిదింటికి గాలి తిరిగింది. గుడ్డ వెళ్లి ఇసుకకు అతుక్కుంది. గేటు దగ్గరున్న ఒక పసిపిల్ల, "అమ్మా, ఏనుగు!" అని అరిచింది.

వేదాచలం గారు గుండె పట్టుకున్నారు. ఒకటో నంబరు నిజంగానే ఏనుగు.

పది నిమిషాల్లో కొత్త ఉత్తర్వు వచ్చింది. సందర్శకులందరూ రోడ్డు వైపు ముఖం పెట్టి కూర్చోవాలి. కుర్చీలన్నీ వెనక్కి తిప్పించాం. లోపలికి వచ్చేటప్పుడు బొమ్మలు కనబడతాయి కదా అని ఎవరో అనుమానం లేవదీశారు. దాంతో జనాన్ని వెనక్కి నడుస్తూ లోపలికి రమ్మన్నారు. ముసలీ ముతకా, చంకన పిల్లలున్న తల్లులూ, క్యారియర్లు పట్టుకున్న తండ్రులూ, ఇసుకలో వెనక్కి వెనక్కి అడుగులేసుకుంటూ బీచిలోకి వచ్చారు. అత్తను నేను రెండు భుజాలూ పట్టుకుని వెనక్కి నడిపించాను.

"నానేటి, దెయ్యానికి బలి ఎట్టి తిరిగొస్తన్నానేటిరా?"

"రూలు అత్తా."

"ఓహో," అంది. రూలు అంటే అత్తకు జ్వరం లాంటిది. వచ్చినప్పుడు పడుకోవాలి, పోయినప్పుడు లేవాలి, కారణం అడగకూడదు.

సి బ్లాకు అన్నిటికంటే రోడ్డు దగ్గర, గట్టు మీద ఉంది. అత్తను మొదటి వరసలో కూర్చోబెట్టాను. ఎదురుగా గేటు కోసం ఫ్లెక్సీల మధ్య వదిలిన సందులో, రోడ్డవతల ఒక ప్రహరీ గోడ కనిపిస్తోంది. గోడ మీద ఒక మొలల వైద్యుడి ప్రకటన ఉంది. ఆ రోజు చింతలరేవు వెళ్లిన వాళ్లెవరినైనా ఇవాళ నిద్రలేపి అడగండి, ఆ ఫోన్ నంబరు తడుముకోకుండా చెబుతారు.

తొమ్మిదింటికి రావలసిన ముఖ్య అతిథి గారు పదింటికి బయల్దేరుతున్నారని తెలిసింది. పదకొండింటికి కూడా బయల్దేరుతూనే ఉన్నారు. మైకులో వేదాచలం గారు మధ్యమధ్య ధైర్యం చెబుతున్నారు.

"ప్రియమైన సందర్శకులారా! సముద్రపు గాలిని ఆస్వాదించడంపై ఎలాంటి ఆంక్షలూ లేవు. శబ్దాన్ని కూడా స్వేచ్ఛగా వినవచ్చు."

జనం చప్పట్లు కొట్టారు. మనవాళ్లు మంచివాళ్లు. ఉన్నదాన్ని లాక్కుని అందులో సగం తిరిగి ఇస్తే దండం పెడతారు. మురీ మిక్చరు వాళ్లు, బజ్జీల వాళ్లు గోడకూ జనానికీ మధ్య అటూ ఇటూ తిరిగారు. చూడడానికి ఇంకేమీ లేక జనం వాళ్లనే చూశారు, చూశాక కొన్నారు.

ఇక్కడ మా డ్యూటీ గురించి ఒక మాట చెప్పాలి. దృష్టి పర్యవేక్షకులు కూడా రోడ్డు వైపే తిరిగి నిలబడాలి. వాళ్లు మాత్రం మనుషులు కారా, వాళ్లకు మాత్రం కళ్లు లేవా? అందుచేత ఎవరైనా వెనక్కి తిరిగారో లేదో తెలుసుకునే మార్గం మాకు లేదు. ఎవరూ తిరగలేదని గంటకొకసారి రాసి సంతకం పెట్టేవాళ్లం. పోలీసులనూ అలాగే తిప్పి నిలబెట్టారు. మధ్యాహ్నానికి ఆ తీరంలో సముద్రం వైపు చూస్తున్న ప్రాణి ఒక్కటి లేదు, పీతలు తప్ప.

పన్నెండింటికి శిల్పుల సమస్య వచ్చింది. పదహారు మందిలో పెద్దవాడు గవరయ్య అని సన్నటి మనిషి. పదకొండు రోజులు ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని పని చేశాడు. అతని తొమ్మిదో నంబరు అన్నిటికంటే గొప్పగా వచ్చిందని చెప్పుకున్నారు. ఎవరు చూసి చెప్పారని మాత్రం అడగకూడదు. గవరయ్య వచ్చి వేదాచలం గారి గుడారం ముందు నిలబడ్డాడు. ఆ గుడారం మా బ్లాకు పక్కనే గనుక అంతా నాకు వినపడింది.

"బాబూ, అరగంటకోపాలి నీళ్లు సల్లకపోతే ఇసక పగిలిపోద్దండి. ఒక్కసారి ఎల్లొస్తాను."

"వెళ్లవచ్చు. చూడరాదు," అన్నారు వేదాచలం గారు.

"నాను సేసిన బొమ్మేనండి."

"నువ్వు చేశావు, కాదనను. కానీ చేసినవాడు అని సర్క్యులర్లో మినహాయింపు లేదు. ఏ వ్యక్తియు, ఏ హోదాలోనైనను. నీదొక హోదా."

గవరయ్య జీవితంలో తనకొక హోదా ఉందని అప్పుడే తెలిసినట్టుంది. చివరికి వెనక్కి నడుచుకుంటూ వెళ్లి, భుజం మీదుగా బిందెతో నీళ్లు చల్లి వచ్చాడు. నీళ్లు తొమ్మిదో నంబరు మీద పడ్డాయో పక్కనున్న పోలీసు మీద పడ్డాయో అతను చూడలేదు. పోలీసు చూశాడు. తరవాత పదహారు మంది చేతా ఒక పత్రం రాయించుకున్నారు: "నేను చేసిన శిల్పమును నేను చూడలేదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది."

రెండింటికి జాలర్ల పెద్ద ఒకాయన రోడ్డు మీదుగా వచ్చాడు. తెప్పలు గట్టుకి రానివ్వడం లేదని అతని ఫిర్యాదు.

"రావచ్చు," అన్నారు వేదాచలం గారు. "చూస్తూ రారాదు. వాళ్లు సముద్రం నుంచి వస్తే ముఖాలు సరిగ్గా శిల్పాల వైపు ఉంటాయి."

"సూడకుండా తెప్ప ఎలగొస్తాదండి?"

"అది సాంకేతికాంశం. మీ శాఖను సంప్రదించండి."

పెద్దాయన కాసేపు ఆ గోడ వైపు చూసి, మొలల వైద్యుడి నంబరు పైకి చదువుకుని, వెళ్లిపోయాడు. తెప్పలు అవతలి ఊరి రేవుకు పోయాయి.

ఎండ ఇప్పుడు ఎదుటికి వచ్చింది. రోడ్డు పడమర వైపు కదా. నాలుగు వేల మంది చేతులు నుదుటికి అడ్డం పెట్టుకుని సూర్యుణ్ణి చూస్తున్నారు. నాకు లోపల గుబులు మొదలైంది. మార్గశిరం రోజులు, ఐదున్నరకు పొద్దు గుంకుతుంది. ఆ తరవాత ముఖ్య అతిథి గారు తెర తీసినా, అత్తకు తెరా ఒకటే, సముద్రమూ ఒకటే.

"పోలీ, ఇంకెంతసేపురా?"

"ఇంకాసేపే అత్తా."

"పొద్దుటి నుంచీ ఆ కాసేపే సెప్తన్నావు." గొంతు తగ్గించి అడిగింది. "ఒక్కపాలి అటు తిరిగి సూసీసి, మళ్లా ఇటు తిరిగిపోతాను. ఎవులు సూస్తారు?"

ఎవరూ చూడరు. అది నాకు తెలుసు. పోలీసులు చూడరు, వేదాచలం గారు చూడరు, నేనూ చూడను. కానీ మూడింటి సంతకం నాది. 'ఎవరూ తిరగలేదు' అని రాయాల్సింది నేను. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఉన్నది లేనట్టు ఎన్నోసార్లు రాశాను గానీ, పైనుంచి చెప్పకుండా ఎప్పుడూ రాయలేదు. సంతకాల కాగితం అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాను.

"నీ ఉజ్జోగానికి ఏటైనా అవుద్దేటి?" అని అత్తే అడిగింది.

"అవుతుందేమో అత్తా."

"అయితే వొద్దులే," అని చీర కొంగు తల మీదికి లాక్కుని గోడ వైపు తిరిగింది.

ఆ 'వొద్దులే' అన్న మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది. ఒక్క కేక వేసినా బాగుండేది. నేను 'సి బ్లాకు: ఎవరూ తిరగలేదు' అని రాసి సంతకం పెట్టాను.

మూడున్నరకు పోటు వచ్చింది. వచ్చిందని ఎవరూ చెప్పలేదు. చెవులకు తెలిసింది. అలల చప్పుడు దగ్గరికి జరిగింది, మధ్యలో ఏవో బరువుగా కూలినట్టు మెత్తటి చప్పుళ్లు. గవరయ్య గుడారం దగ్గరికి పరుగెత్తాడు.

"అయ్యా, పోటొచ్చీసినాది! బొమ్మలు కరిగిపోతన్నాయి!"

"నువ్వు చూశావా?" అన్నారు వేదాచలం గారు, కలం తీస్తూ.

"సూణ్ణేదండి! సప్పుడు ఇనిపించినాది."

"శబ్దం నివేదికలోకి రాదు."

"అయితే సూసి సెప్పమంటారేటి?"

"చూస్తే కేసు పెట్టాల్సి ఉంటుంది."

"మరెలగండి బాబూ?"

"లిఖితపూర్వకంగా ఇయ్యి. చూడకుండా ఇయ్యి."

గవరయ్య అక్కడే ఇసుకలో చతికిలబడ్డాడు. పదకొండు రోజుల పని వెనకాల ఒక్కొక్కటే జారిపోతుంటే, రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. నేను వంగి మెల్లగా అడిగాను, "ఏం బొమ్మ చేశావు గవరయ్యా?"

"సూడలేదని రాసిచ్చీసినాను బాబూ," అన్నాడు.

ఈలోగా అత్తకు కూర్చుని కూర్చుని కాళ్లు తిమ్మిరెక్కాయి. కుర్చీ దిగి ఇసుకలో కూలబడింది. గట్టు మీద ఇసుక అడుగున తడిగా ఉంది. చేతికి ఆ తడి తగిలేసరికి ఏం గుర్తొచ్చిందో, కుడి పాదం ముందుకు చాపి, దాని మీద ఇసుక పోసి, తట్టడం మొదలుపెట్టింది. తట్టి, నిమిరి, ఊపిరి బిగబట్టి పాదం వెనక్కి లాగింది. గూడు నిలిచింది. పక్కన ఒక పుల్ల గుచ్చి, గుమ్మం ముందు వేలితో నాలుగు ముగ్గు గీతలు కూడా గీసింది. ఏరు ఉన్న ఊళ్లో పుట్టిన ప్రతివాళ్లూ కట్టిన పిచ్చుక గూడే అది. చుట్టుపక్కల వాళ్లంతా వంగి చూశారు. ఆ రోజు చింతలరేవులో జనం నోరారా నవ్వడం అదే మొదలు.

నవ్వు విని వేదాచలం గారు వచ్చారు. గూటిని చూసి ఆయన ముఖం మాడిపోయింది.

"ఏమిటిది?"

"పిచ్చిక గూడు బాబూ," అంది అత్త.

"దేనితో చేశారు?"

"దేంతో సేస్తారు? ఇసకతోటే."

వేదాచలం గారు నా వైపు తిరిగారు. "పోలినాయుడూ! ప్రదర్శన ఆవరణలో, ఇసుకతో, చేత్తో చేయబడినది. సైకత శిల్పం కాక ఇదేమిటి? ఆవిష్కరణ జరిగిందా? మీ బ్లాకులో పాతిక మంది చూసేశారు!"

నా తుండుగుడ్డ తీసి గూటి మీద కప్పించారు. ఎదురుగా ఒక పలక పాతారు: "17". చూసిన పాతిక మంది చేతా చూడలేదని రాయించారు. అత్త చేతా వేలిముద్ర వేయించారు.

"నా పాదం మీద నానే కట్టుకున్నాను. సూడకుండా ఎలా కడతాను బాబూ?" అంది అత్త, వేలు తుడుచుకుంటూ.

ఐదూ పదికి సైరన్లు వినిపించాయి. ముఖ్య అతిథి గారు వచ్చారు. ముఖానికి ఎండ పడకుండా ఎవరో గొడుగు పట్టారు, ఎండ అప్పటికే గోడ కిందికి దిగిపోయింది. శిల్పులంతా తమ తమ బొమ్మల ముందు, ముఖ్య అతిథి గారికి ఎదురుగా వరసలో నిలబడాలని ప్రకటించారు. పదిహేడో శిల్పి కూడా. ఇద్దరు వాలంటీర్లు అత్త రెక్కలు పట్టుకుని, ఇంకా ఆవిష్కరణ కాలేదు గనుక, వెనక్కి నడిపించుకుంటూ తీసుకెళ్లారు. నేను కూడా వెనక్కి నడుచుకుంటూ వెంటపడ్డాను.

వరసలో చివర నిలబెట్టారు. నిలబెట్టగానే అత్త ఉలిక్కిపడింది.

"పోలీ, ఎనకనించి సల్లగా ఏదో పాదాలకి తగిలినాదిరా."

"అదే అత్తా, సముద్రం," అన్నాను.

"వొచ్చినాదా? అదే వొచ్చినాదా నా కాడికి?"

తిరగబోయింది. "అమ్మా, ముందుకు చూడండి, సారు వస్తున్నారు," అని వాలంటీరు భుజం పట్టి సరిచేశాడు.

ముఖ్య అతిథి గారు మీట నొక్కారు. బాణసంచా పేలింది. "ఇప్పుడు తిరగవచ్చు!" అని మైకు ఆజ్ఞాపించింది. నాలుగు వేల మంది ఒక్కసారి తిరిగారు, ముఖ్య అతిథి గారికి ఎదురుగానే నిలబడాల్సిన శిల్పులు తప్ప.

పదహారు నంబరు పలకలు ఉన్నాయి. ఒకదాని వెనక ఒకటి పసుపు గుడ్డలు అలల మీద తేలుతూ పోతున్నాయి. మిగతాదంతా నున్నటి తడి ఇసుక, అద్దంలా ఉంది.

ఎవరైనా 'అయ్యో, బొమ్మలేవీ?' అనాలి. అనాలంటే అక్కడ బొమ్మలు ఉండేవని తెలిసుండాలి. తెలియాలంటే చూసుండాలి. ఎవరూ చూడలేదని మూడు ఫైళ్ల నిండా సంతకాలు ఉన్నాయి.

వేదాచలం గారు మైకు తీసుకుని, చెమటలు కక్కుతూ, ముందే టైపు చేయించిన కాగితం చదివారు. "ఒకటో నంబరు. ఐరావతం."

ముఖ్య అతిథి గారు తడి ఇసుకను నిదానంగా పరికించారు. "తొండం ఎటువైపయ్యా?"

"తమరు ఎటు చూస్తే అటేనండి."

"బావుంది. ఊరికే బొమ్మ పెట్టేయకుండా మన ఆలోచనకు వదిలేశారు." ఆయన చప్పట్లు కొట్టారు. అధికారులు కొట్టారు. జనం కొట్టారు. పదహారు నంబర్లకూ పదహారుసార్లు కొట్టారు. తొమ్మిదో నంబరు దగ్గర ముఖ్య అతిథి గారు గవరయ్య భుజం తట్టి, "నిరాడంబరంగా చేశావు," అన్నారు. గవరయ్య దండం పెట్టాడు.

చివరికి అత్తను మళ్లీ గట్టు మీదికి, ఈసారి ముందుకు నడిపించుకుంటూ తీసుకెళ్లారు. ముందుకు అంటే రోడ్డు వైపే కదా. ముఖ్య అతిథి గారు నా తుండుగుడ్డ అంచు పట్టుకుని పైకెత్తారు. గూడు ఉంది. పుల్లా ఉంది, ముగ్గు గీతలూ ఉన్నాయి.

పాపం, ఆయన ముఖం విప్పారింది. ఆ రోజు ఆయనకు కనబడిన మొదటి వస్తువు అదే. "అరే, పిచ్చుక గూడు! చిన్నప్పుడు మా ఏటి ఒడ్డున నేనూ కట్టేవాణ్ణి," అన్నారు. నిజంగానే అన్నారు, ఎవరూ రాసివ్వలేదు. మరుక్షణం తేరుకుని, "ప్రథమ బహుమతి దీనికే," అని ప్రకటించారు. గవరయ్య జనంలోంచి వచ్చి గూటి ముందు గొంతుక్కూర్చుని, "తడి బాగా కుదిరినాదమ్మా," అన్నాడు. ఆ రోజు ఆ ప్రదర్శనలో పనితనం గురించి మాట్లాడినవాడు అతనొక్కడే.

తరవాత ఫోటోలు. వెనకాల సముద్రం రావాలి కనుక అందరూ రోడ్డు వైపు ముఖం పెట్టి నిలబడ్డారు. అత్త మెడలో దండ, చేతిలో కప్పు. ఒకవైపు ముఖ్య అతిథి గారు, ఒకవైపు వేదాచలం గారు.

"తిరగొచ్చేటి బాబూ?" అని అడిగింది అత్త.

"ఇటు చూడండి మామ్మగారూ. ఇంకొక్కటి. నవ్వండి."

"ఇప్పుడు తిరగొచ్చేటి?"

"ఇంకొక్కటే. కప్పు పైకెత్తండి."

గోడ పైన ఆకాశం ఎర్రబడింది. ఎవరో దుకాణంలో దీపం వెలిగించారు. అత్త కళ్లు చికిలించి ఫోటోగ్రాఫరు ఎక్కడున్నాడా అని వెతుకుతోంది. అతను నాలుగు గజాల దూరంలో ఉన్నాడు. పొద్దుటి నుంచి నా మీద ఒక్కసారీ విసుక్కోని మనిషి. నా ఉద్యోగం కోసం గోడ వైపు తిరిగి కూర్చున్న మనిషి.

బిళ్ల పీకి జేబులో వేసుకున్నాను. ఎవరినీ అడగలేదు. వెళ్లి ముఖ్య అతిథి గారికీ అత్తకూ మధ్య దూరి, రెండు భుజాలూ పట్టుకుని, పొద్దున్న ఎలా నడిపించానో అలాగే పట్టుకుని, ఆమెను వెనక్కి తిప్పేశాను.

పడమటి వెలుగు ఇంకా నీళ్ల మీద మిగిలే ఉంది. ఈ చివర నుంచి ఆ చివర దాకా.

అత్త చేతిలో కప్పు ఇసుకలో పడింది, చూసుకోలేదు. తల ఇటు నుంచి అటు తిప్పింది, మళ్లీ అటు నుంచి ఇటు తిప్పింది.

"ఇదంతా ఒక్కటేనేటిరా?"

"ఒక్కటే అత్తా."

మళ్లీ కాసేపు చూసింది. తరవాత పళ్లు లేని నోటితో ఫక్కున నవ్వింది.

"దీనికి గుడ్డ కప్పలేకపోయారు గావాల."

మర్నాడు పేపర్లో ఫోటో వచ్చింది. ముఖ్య అతిథి గారు నవ్వుతున్నారు, వేదాచలం గారు నవ్వుతున్నారు, మధ్యలో ప్రథమ బహుమతి గ్రహీత వీపు, దాని పక్కన నా వీపు. వారం తిరగకుండా మెమో ఇచ్చారు. "ఆవిష్కరణ సమయమున ముఖ్య అతిథి గారికి వీపు చూపుటకు గల కారణములు తెలుపవలెను."

"వీపు చూపిన మాట వాస్తవమే. ఆ సమయంలో మా మేనత్త సముద్రం చూస్తోంది," అని జవాబు రాశాను.

దాని మీద ఇంకో మెమో వచ్చింది. ఎంతసేపు చూసినదీ స్పష్టంగా తెలుపలేదనీ, అసంపూర్ణ సమాధానము అంగీకరించబడదనీ.

ఎండాకాలం రాకముందే అత్తకు చూపు పోయింది. ఆ కబురు వచ్చిన రోజునే కూర్చుని రెండో మెమోకు కూడా జవాబు రాసి పంపాను.

"వెలుతురు ఉన్నంతసేపు."